పరుగుకీ పరుగుకీ మధ్య ఆ రెండు నిమిషాలు

అందరికీ నమస్కారం. ఇంత పొద్దున్నే పిల్లల్ని వెంటబెట్టుకుని ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం దాకా వచ్చారు, సంతోషం. మీలో చాలామంది నన్నడిగేది ఒకటే: "సార్, మావాడు బంతి బాగానే ఆడతాడు, పరుగులోనే వెనకబడతాడు, ఏం చేయమంటారు?" వెంటనే అందరికీ తట్టేది గ్రౌండు చుట్టూ పది రౌండ్లు కొట్టించడం. నేనూ కొన్నేళ్లు అదే చేయించాను, అది తప్పు. రౌండ్లు కొడితే దమ్ము పెరుగుతుంది గానీ వేగం రాదు.

మ్యాచ్‌లో ఫుల్ స్పీడ్‌తో పరిగెత్తేది ఎక్కువసార్లు పది, ఇరవై మీటర్లే. ఆ మూడు నాలుగు సెకన్లకు కావలసిన శక్తి ముఖ్యంగా కండరంలో నిల్వ ఉండే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం నుంచి వస్తుంది, అలాంటి పరుగులు నాలుగైదు వెంటవెంటనే తీస్తే అది తగ్గిపోతుంది, మళ్లీ చాలావరకు నిండడానికి రెండు మూడు నిమిషాలు కావాలి.

సర్క్యూట్ ట్రైనింగ్‌ను 1953లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ యూనివర్సిటీలో మోర్గన్, ఆడమ్సన్ రూపొందించారు. ఒక్కో చోట ఒక్కో వ్యాయామం, తిరుగుతూ చేసుకుపోవాలి, విశ్రాంతి తక్కువ. ఒంటికి మంచిదే, కానీ వేగం కోసమైతే మనం దాన్ని మార్చుకోవాలి. వార్మప్ అయ్యాక, కాళ్లు తాజాగా ఉన్నప్పుడే 20 మీటర్ల పరుగులు, కోన్ల మధ్య మలుపులు, గెంతి కదలకుండా ఆగడం. పరుగుకీ పరుగుకీ మధ్య రెండు నిమిషాలు విశ్రాంతి. స్క్వాట్లు, ప్లాంకులు ఆఖర్న. వారానికి రెండు రోజులు చాలు.

పిల్లాడు అలిసిపోయాడని నాకు ముందు చెప్పేది అడుగుల చప్పుడు. తాజాగా ఉన్నప్పుడు టక్ టక్ మని తేలిగ్గా పడతాయి, అలిశాక మడమ ఆని దబ్ దబ్ మంటాయి, భుజాలు చెవుల దగ్గరికి లేస్తాయి. ఇక అక్కడితో ఆపేస్తాను, ఎందుకంటే ఆ తర్వాత ఎంత పరిగెత్తించినా వాడు నేర్చుకునేది నెమ్మదిగా పరిగెత్తడమే.

ఇంకోటి. ఆడపిల్లలు పన్నెండేళ్లప్పుడు, మగపిల్లలు పద్నాలుగేళ్లప్పుడు ఇంచుమించుగా ఒక్కసారిగా పొడుగవుతారు. కొందరికి అప్పుడు కాళ్లు తడబడి పరుగు తగ్గినట్టు కనిపిస్తుంది, దయచేసి తిట్టకండి. మోకాలి చిప్ప కింద ఎముక నొప్పి అంటే గెంతులు ఆపించి డాక్టరుకు చూపించండి. మన నెల్లూరు ఎండల్లో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, ప్రాక్టీసు ఏడు లోపే ముగించాలి.

ఇప్పుడు మొదలుపెడదాం. మెట్ల మీద కూర్చున్న అమ్మానాన్నలు, పిల్లాడు నిలబడి ఉంటే ఖాళీగా ఉన్నాడనుకుని "పరిగెత్తరా" అని కేకలేయకండి. ఆ రెండు నిమిషాలు లెక్కపెట్టి నేనే పంపిస్తాను.