ఒక్క రెక్క దొరికితే: రాతిలోని పురుగుకు పేరు పెట్టడం

హోస్ట్: నమస్తే అండీ, నెల్లూరు నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు మనతో ఒంగోలు అక్క ఉంది, రాళ్లలో దొరికే పురుగుల రెక్కల మీద పనిచేస్తుంది. అక్కా, నేరుగా అడిగేస్తా. తల లేదు, కాళ్లు లేవు, గోరంత రెక్క ముక్క ఒకటి ఉంది. అది కొత్త జాతి అని ఎట్లా చెప్తారు?

అక్క: ముందు రెక్కే ఎందుకు మిగులుతుందో చెప్తాను. తూనీగ చచ్చి చెరువులో పడిందనుకో. ఒంట్లో మెత్తగా ఉన్నదంతా చేపలు తింటాయి, మిగిలింది కుళ్లిపోతుంది. రెక్కలో కుళ్లడానికి పెద్దగా ఏముంది? మన గూడూరు అభ్రకం పొర చూశావు కదా, అంత పల్చటి పొర, దాన్ని బిగించి పట్టుకునే ఈనెలు, అంతే. సన్నటి ఒండ్రులో పడితే అచ్చు దిగిపోతుంది. పైగా ఆ ఈనె ఎక్కడ చీలుతుంది, ఎన్ని కొమ్మలు వేస్తుంది, ఏది దేనితో కలుస్తుంది అనేది ఒక్కో గుంపులో ఒక్కో తీరు. అందుకే కాలు దొరికితే ఏమీ చెప్పలేని చోట రెక్క దొరికితే చాలా చెప్పొచ్చు.

హోస్ట్: ఈనెలకు పేర్లుంటాయా?

అక్క: ఉంటాయి. అంతకుముందు ఒక్కో గుంపు మీద పనిచేసేవాళ్లు ఒక్కో రకంగా పిలిచేవాళ్లు. 1898లో కామ్‌స్టాక్, నీధమ్ అనే ఇద్దరు అన్ని పురుగులకూ ఒకే వరస పెట్టడం మొదలుపెట్టారు. ముందు అంచున కోస్టా, దాని వెనక సబ్‌కోస్టా, రేడియస్, మీడియా, క్యూబిటస్, చివర్న ఎనల్ ఈనెలు. ఈగకైనా తూనీగకైనా ఇవే. ఇప్పుడు అసలైన విషయం విను, రెక్క చదునుగా ఉండదు, విసనకర్ర మడతల్లాగా ఉంటుంది. సబ్‌కోస్టా పల్లంలో పోతుంది, రేడియస్ మిట్ట మీద పోతుంది. ముక్క ఎంత చిన్నదైనా ఈ మిట్టపల్లాలు పట్టుకుంటే ఏది ఏ ఈనె అన్నది తేలుతుంది.

హోస్ట్: మరి తప్పు ఎక్కడ జరుగుతుంది?

అక్క: సరిగ్గా అక్కడే. రాయి పగిలితే రెండు చెక్కలు వస్తాయి, ఒకదాంట్లో మిట్ట ఉంటే రెండోదాంట్లో అదే పల్లం. నేను నేర్చుకునే రోజుల్లో ఎదుటి చెక్కని పట్టుకుని రెండు వారాలు బొమ్మ గీశాను, ఈనెలన్నీ తలకిందులు, దగ్గరి పురుగు ఏదీ సరిపోవడం లేదు, కొత్త కుటుంబమే దొరికిందనుకున్నాను. మొదటి చెక్క తీసి పక్కన పెట్టి చూశాక అంతా మామూలు రెక్కే. ఆ రాత్రి నిద్రపట్టలేదు, పేరు పెట్టి అచ్చు వేయించేసి ఉంటే ఏమయ్యేది అని. వెలుతురు కూడా అంతే, దీపం కుడి నుంచి వేస్తే కంటికి గుంట గట్టులా కనిపిస్తుంది, అందుకే ఎడమ పై మూల నుంచి వాలుగా వేస్తాం. రాయి మీద ఒక చుక్క ఆల్కహాల్ వేస్తే రంగు తేలి సన్నటి ఈనె కూడా కనిపిస్తుంది, అది ఆరిపోయేలోపు చూసుకోవాలి.

హోస్ట్: తేడా కనిపిస్తే చాలా, కొత్త జాతి అనడానికి?

అక్క: చాలదు తమ్ముడూ. వానలు పడ్డాక మన వరి మళ్ల మీద గుంపులుగా తిరిగే తూనీగలు, పాంటాలా ఫ్లేవెసెన్స్ అంటారు, చచ్చిపడినవి ఏరుకొచ్చి రెక్కలు పరిచి చూడు. అడ్డ ఈనెలతో ఏర్పడే గడులు, పైనుంచి చూస్తే గట్లు వేసిన మడుల్లాగే ఉంటాయి, లెక్కపెడితే ఒకే తూనీగ కుడి రెక్కకీ ఎడమ రెక్కకీ సరిపోవు. అలాంటి తేడాని పట్టుకుని పేరు పెడితే అది పురుగుకి అన్యాయం. పెద్ద ఈనె చీలే చోటు అంత తొందరగా మారదు, నమ్మితే దాన్ని నమ్మాలి. ఇంకొకటి, ముందు రెక్కా వెనక రెక్కా వేరుగా ఉంటాయి కాబట్టి విడివిడిగా దొరికితే ఒకే పురుగుకి రెండు పేర్లు పడొచ్చు. తర్వాత తేలితే పాత పేరే నిలుస్తుంది. రాయి నలిగి సాగితే రెక్క ఆకారమే మారిపోతుంది, అదీ చూసుకోవాలి.

అందుకే నేను బొమ్మలో కనిపించిన ఈనె నిండు గీతతో గీస్తాను, విరిగిపోయిన చోట ఊహించింది చుక్కల గీతతో. ఈ రెండూ కలిపేసే బొమ్మలు చూస్తే నాకు నిజంగా బాధ వేస్తుంది, ఎందుకంటే తర్వాత వచ్చేవాళ్లకి రాయి చేతికి అందకపోవచ్చు, బొమ్మే మిగులుతుంది. కొత్త పేరు పెడితే ఒక నమూనాని హోలోటైప్‌గా, అంటే ఆ పేరుకి ఆధారంగా నిలిచే నమూనాగా చెప్పాలి, అది ఎక్కడ భద్రంగా ఉందో రాయాలి, దగ్గరి జాతుల నుంచి ఏ ఈనెలో తేడా ఉందో ఒక్కొక్కటిగా చెప్పాలి. 1939లో కార్పెంటర్ పేరు పెట్టిన మెగాన్యూరాప్సిస్ పెర్మియానా, తూనీగలకు దగ్గరి చుట్టం, రెక్కలు విప్పితే 70 సెంటీమీటర్ల పైమాటే అంటారు. ఆ కొలత కూడా రెక్క ముక్కల నుంచి కట్టిన అంచనానే.

హోస్ట్: మన దగ్గర దొరుకుతాయా అక్కా? చీమకుర్తిలో అంత రాయి తీస్తున్నారు కదా.

అక్క: అది కరిగిన రాయి భూమి లోపల చల్లారి గట్టిపడింది, దాంట్లో ఉండవు. మార్కాపురం పలక రాయి పొరలు పొరలుగా భలే విడిపోతుంది, కానీ వంద కోట్ల ఏళ్లకి పైబడింది, ఇంతవరకు దొరికిన అతి పాత పురుగుల శిలాజాలే సుమారు 40 కోట్ల ఏళ్ల నాటివి. ఒంగోలు దగ్గర వేమవరం రాళ్లు అట్లా కాదు, తొలి క్రెటేషియస్ నాటివి, అంటే డైనోసార్లు తిరిగిన కాలానివి, 1879లోనే ఫీస్ట్‌మాంటెల్ అనే శాస్త్రవేత్త వాటిలోని ఆకుల్ని వర్ణించాడు, టిలోఫిల్లమ్ అనే అంతరించిపోయిన మొక్క ఆకుల్లాంటివి. అటు గోదావరి లోయలో కోట ఫార్మేషన్ అనే రాతి పొరల్లోని సున్నపురాళ్లలో బొద్దింకలు, పెంకుపురుగులు దొరికాయి. ఆకు ఈనె నిలిచిన బురదలో రెక్క ఈనె కూడా నిలవగలదు, నేను వేమవరం రాయి పట్టుకున్న ప్రతిసారీ ఆకు పక్కన ఖాళీగా ఉన్న చోటే ముందు చూస్తాను.

హోస్ట్: వినేవాళ్లకి ఎవరికైనా అట్లాంటిది కనిపిస్తే?

అక్క: రుద్దొద్దు, నీళ్లతో కడగొద్దు, ఫెవికాల్ అసలు పెట్టొద్దు. దొరికిన చోటు, ఎంత లోతులో, ఏ పొరలో అన్నది అక్కడే కాగితం మీద రాసి, ఫోటో తీసి, రెండు చెక్కల్నీ విడివిడిగా న్యూస్‌పేపర్లో చుట్టి ఒకే సంచిలో పెట్టండి. రెండోది పనికిరాదని పారేయకండి.