జూలైలో నీడ ఎటు పడుతుంది?

యాంకర్: తరువాతి కాల్ సిద్దిపేట నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. నేను హైస్కూల్ల సోషల్ చెప్త. ఆరో తరగతి పిల్లల్ని గ్రౌండ్‌కు తీస్కపోయి కట్టె పాతిచ్చిన. మధ్యాహ్నం నీడ ఉత్తరం చూపిస్తదని ముందే నోట్సు రాయించిన. తీరా చూస్తే బెత్తెడు నీడ, అదీ గేటు దిక్కు పడ్డది. మా గేటేమో దక్షిణం. పిల్లలు ఒకటే నవ్వుడు.

సార్: ఎప్పుడు చేశారు?

కాలర్: మొన్ననే సార్, జూలైల.

సార్: అదీ సంగతి. నీడ కరెక్టే, నోట్సే తప్పు. మనం కర్కట రేఖకు దక్షిణాన ఉన్నాం. హైదరాబాదులో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నీడే ఉండదు. ఆ రెండింటి మధ్య ఆయన మనకు ఉత్తరాన ఉంటాడు కాబట్టి నీడ దక్షిణానికి పడుతుంది. మీకు తేదీలు రెండు మూడు రోజులు అటూఇటూ. బళ్లు తెరిచేది జూన్‌లో, పాఠం మొదట్లోనే వస్తుంది, ఇంకేం!

కాలర్: మరి దిక్కులు ఎట్ల చూపియ్యాలె సార్?

సార్: కట్టె చుట్టూ తాడుతో ఒక వృత్తం గీయించండి. పొద్దున పదిన్నరకు నీడ కొస ఎంత దూరం ఉందో అంత వ్యాసార్థం. అక్కడొక రాయి పెట్టించండి. నీడ కురచై, మళ్లీ పెరిగి, రెండు దాటాక ఇంకోవైపు గీతను తాకుతుంది. అక్కడ రెండో రాయి. మొదటిది పడమర, రెండోది తూర్పు. ఏ నెలలోనైనా ఇంతే. పాతకాలంలో ఇలా పాతే మేకునే శంకువు అనేవారు, శంకుస్థాపనలో ఉన్నది అదే.

యాంకర్: పన్నెండుకే నడి మధ్యాహ్నం కదా సార్, రెండు దాటాక ఎందుకు?

సార్: గడియారానికి పన్నెండు. మన టైము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానిది, అది కాకినాడ పక్కగా పోతుంది. సిద్దిపేట దానికి పడమర, డిగ్రీకి 4 నిమిషాలు ఆలస్యం. జూలైలో సూర్యుడు గడియారం కన్నా మరో ఐదారు నిమిషాలు వెనక ఉంటాడు, అందుకే అక్కడ నడి మధ్యాహ్నం దాదాపు 12.20కి. ఇదీ పిల్లలతోనే లెక్క కట్టించండి.

కాలర్: మబ్బు పడితే సార్? ఈ నెలంతా అదే కథ.

సార్: ఆ రోజు గోడ మీది మ్యాప్ దించి నేల మీద పరవండి, దాని ఉత్తరం అసలు ఉత్తరానికి తిప్పి. గోడకు వేలాడితే పిల్లలు ఉత్తరమంటే కప్పు వైపు చూపిస్తారు. ఉత్తరానికి పారే నైలు నది పైకెలా పారుతుందని నన్నే అడిగారు ఒకసారి!