పాత కస్టమర్‌కి 0 శాతం వడ్డీ మళ్లీ ఇస్తారా?

[స్క్రీన్ మీద: టేబుల్‌పై రెండు ముక్కలుగా కత్తిరించిన క్రెడిట్ కార్డు]

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: "అన్నా, ఆ కార్డు ఎప్పుడో క్లోజ్ చేసేశాను. మళ్లీ అప్లై చేస్తే 0 శాతం ఆఫర్, అంటే మొదట్లో కొన్ని నెలలు వడ్డీ లేకుండా వాడుకునే ప్రారంభ రేటు, వస్తుందా?"

రావచ్చు, రాకపోవచ్చు. కార్డు కత్తిరించి పారేసినంత మాత్రాన బ్యాంకు మిమ్మల్ని మర్చిపోదు. సక్రమంగా కట్టి క్లోజ్ చేసిన ఖాతా క్రెడిట్ రిపోర్టులోనే పదేళ్ల దాకా కనిపిస్తుంది. ఇక బ్యాంకు దగ్గర ఉండే సొంత లెక్కలు వేరే.

[స్క్రీన్ మీద: అప్లికేషన్ పేజీ అడుగున ఉన్న చిన్న అక్షరాలు జూమ్]

అసలు సంగతి ఈ చీమతలకాయ అక్షరాల్లో ఉంటుంది. వెల్స్ ఫార్గో అనే బ్యాంకు షరతుల్లో చాలాకాలం ఉన్న వాక్యం చూడండి. గత 15 నెలల్లో మా బ్యాంకు కార్డు ఏదైనా తెరిచి ఆఫర్ వాడుకుని ఉంటే, ఆ ఖాతా మూసేసినా, బాకీ సున్నా ఉన్నా, మీకు ప్రారంభ వడ్డీ రేటు దక్కకపోవచ్చు అని దాని సారాంశం. గమనించారా? లెక్క మొదలయ్యేది కార్డు తెరిచిన రోజు నుంచి. క్లోజ్ చేసిన రోజుతో పనిలేదు. పైగా అదే కార్డు కానక్కర్లేదు, ఆ బ్యాంకుది ఏదైనా సరే.

బ్యాంక్ ఆఫ్ అమెరికా చాలా కార్డులకు ఇంకోలా రాస్తుంది. గత 24 నెలల్లో ఆ కార్డు మీ దగ్గర ఉండి ఉంటే, అసలు కార్డే రాకపోవచ్చు. చేజ్ బ్యాంకు ఏళ్ల తరబడి వాడిన షరతులో 24 నెలల లెక్క, కొత్త కార్డుకిచ్చే బోనస్ అందుకున్న రోజు నుంచి. షరతులు మారుతూ ఉంటాయి కాబట్టి మీరు అప్లై చేసే రోజు పేజీలో ఉన్నదే చదవండి. పాత వీడియోలను నమ్మకండి, నాది కూడా.

ఇంకో మెలిక "దక్కకపోవచ్చు" అనే మాటలోనే ఉంది. దక్కదు అని రాయలేదు. పిలక వాళ్ల చేతిలోనే ఉంచుకున్నారు.

[స్క్రీన్ మీద: కార్డుతో వచ్చిన కవరు, అందులో వడ్డీ రేట్ల పట్టిక]

నాకు టెన్షన్ పుట్టించేది ఇదే. కార్డు అప్రూవ్ అవుతుంది, కానీ 0 శాతం లేకుండా! ఆఫర్ చూసే అప్లై చేశాం కాబట్టి వచ్చేసిందనుకుని, కార్డు చేతికి రాగానే 6,000 డాలర్ల ఫర్నిచర్ కొనేస్తాం. వడ్డీ 21 శాతం అయితే, అసలు అలాగే ఉన్నంతకాలం నెలకు సుమారు 105 డాలర్లు వడ్డీకే పోతాయి. నేనూ ఒకసారి ఇలాగే ఇరుక్కోబోయాను. కవరు చించి చూస్తే పట్టికలో మామూలు రేటే ఉంది! ఫోన్ చేస్తే, "మీరు గతంలో మా కస్టమరే కదండీ" అన్నారు, ఎంతో ఆప్యాయంగా.

అందుకే ఆ కవరులో మీ ఖాతాకు వర్తించే రేట్ల పట్టిక చూడనిదే స్వైప్ చేయకండి. అప్పటిదాకా బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్, అంటే వేరే కార్డు బాకీని ఈ కార్డుకు మార్చుకోవడం, అసలే వద్దు. దానికి సాధారణంగా 3 నుంచి 5 శాతం ఫీజు ఉంటుంది. 6,000 డాలర్లకు 180 నుంచి 300. పైగా ఒకే బ్యాంకు కార్డుల మధ్య బాకీ మార్చడం సాధారణంగా కుదరదు.

ఆఫర్ నిజంగా వచ్చిందా, అప్పుడు 2009 నాటి కార్డ్ చట్టం మీవైపు ఉంటుంది. ప్రారంభ రేటు కనీసం 6 నెలలు ఉండాలి. మీరు కట్టడం 60 రోజులు దాటి ఆలస్యమైతే తప్ప మధ్యలో తీసేయకూడదు. అప్లికేషన్ తిరస్కరిస్తే, పూర్తి వివరాలు అందిన 30 రోజుల్లో బ్యాంకు ఆ సంగతి మీకు తెలియజేయాలి. కారణం రాయకపోతే అడిగి తెప్పించుకోవచ్చు.

[స్క్రీన్ మీద: రెండు కార్డులు, భార్యాభర్తల బొమ్మ]

చివరగా ఇంకో ప్రశ్న. "మా ఆవిడ నా కార్డులో అదనపు యూజర్. తను సొంతంగా అప్లై చేస్తే పాత కస్టమర్ కిందే లెక్కా?" సాధారణంగా కాదు. ఆ ఖాతా మీది, తను అందులో వాడుకునే మనిషి మాత్రమే. తన పేరు మీద ఆ బ్యాంకు కార్డు ఎప్పుడూ లేకపోతే, ఇంట్లో కొత్త కస్టమర్ ఆవిడే. ఫర్నిచర్ ఏది కొనాలో కూడా ఆవిడనే అడగండి మరి.