మోటర్‌హోమ్ వెనక కట్టిన కారు బ్యాటరీ ఎందుకు దిగిపోతోంది? ఈ చార్జర్‌తో 2,100 మైళ్లు తిరిగొచ్చాక నా రివ్యూ

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? ఇదిగో, నా చేతిలో ఉన్న ఈ నల్ల డబ్బా గురించే ఇవాళ్టి వీడియో. ముందే చెప్పేస్తున్నాను, దీన్ని కంపెనీ వాళ్లు నాకు ఉచితంగా పంపించారు. డబ్బులేమీ ఇవ్వలేదు. అప్‌లోడ్ చేసే ముందు ఒకసారి వీడియో చూపించమన్నారు, కుదరదని చెప్పాను. పేరు స్క్రీన్ మీద కనిపిస్తూనే ఉంది, స్పెక్స్ మీరు ఎక్కడో చదివే వచ్చి ఉంటారు, అవన్నీ మళ్లీ అప్పజెప్పను. మోటర్‌హోమ్ నుంచి కరెంటు తీసుకుని, వెనక లాక్కెళ్తున్న కారు బ్యాటరీకి 6 ఆంపులు ఇస్తుంది. అంతే దీని పని.

ఆ పనికి ఇంత వీడియో అవసరమా అంటే, అవసరమే. ఎందుకో చెప్తాను.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. మాది 34 అడుగుల పెట్రోల్ క్లాస్-ఎ మోటర్‌హోమ్, అంటే బస్సులా ఉండే బండి, నేను దాన్ని బస్సనే అంటాను, ఇంజన్ ముందు ఉంటుంది. దాని వెనక 2014 హోండా సీఆర్‌వీని నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి టో బార్‌తో, అంటే రెంటినీ కలిపే ఇనుప కడ్డీతో లాక్కెళ్తాం. ఇలా లాగే కారుని ఇక్కడి ఆర్‌వీ జనం, అంటే మోటర్‌హోమ్‌లవాళ్లు, ‘టోడ్’ అంటారు, ఇంగ్లిష్‌లో కప్పనీ అలాగే పలుకుతారు. మా పిల్లలు అది పట్టుకుని మా సీఆర్‌వీకి ‘కప్ప’ అని పేరు పెట్టేశారు, నేనూ అదే అంటాను. బస్సు నడిపేది మా వారు. కట్టడం, విప్పడం, వైరింగు మొత్తం నాది.

2014 మోడలే ఎందుకని చాలామంది అడుగుతున్నారు. 2015లో సీఆర్‌వీకి సీవీటీ అనే వేరే రకం ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వచ్చింది, అప్పట్నుంచీ ఇలా లాగకూడదు. మన డాలస్‌లో తెలుగువాళ్ల ఇళ్ల ముందు టెస్లాలు బోలెడు కనిపిస్తాయి కదా, "అక్కా, మా టెస్లా కట్టుకోవచ్చా" అని వారానికి ఒకరైనా అడుగుతారు. వద్దండీ. చక్రాలు నేల మీద తిరుగుతుండగా టెస్లాని లాగకూడదని దాని మాన్యువల్లోనే ఉంది. ఏ కారైనా సరే, ముందు మాన్యువల్ తీసి చూడండి.

సీఆర్‌వీకి ఒక పద్ధతి ఉంది. ఇంజన్ స్టార్ట్ చేసి, డి లో పెట్టి 5 సెకన్లు ఆగి, న్యూట్రల్‌కి తెచ్చి, 3 నిమిషాలు నడవనిచ్చి, ఆపి, తాళం ఏసీసీలో, అంటే ఇంజన్ ఆగినా కరెంటు ఉండే స్థానంలో ఉంచాలి. 8 గంటలు దాటి లాగితే మళ్లీ మొదట్నుంచీ చేయాలి. వేగం గంటకి 65 మైళ్లు దాటకూడదు. స్టీరింగ్ లాక్ పడకుండా తాళం అలా ఏసీసీలోనే ఉండాలి, బ్యాటరీ కష్టాలు మొదలయ్యేది అక్కడే. దానికి తోడు డ్రైవర్ సీటు ముందు కూర్చుని కాళ్లతో పెడల్ తొక్కినట్టు తొక్కే బ్రేక్ పెట్టె ఒకటి ఉంటుంది. అది 12 వోల్టుల సాకెట్ నుంచి కరెంటు లాగుతుంది. అది తొక్కిన ప్రతిసారీ కారు సొంత బ్రేక్ లైట్లు వెలుగుతాయి, అది ఇంకో ఖర్చు. తీగని పట్టుకుని కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెట్టి చూస్తే మా కప్ప సగటున 4 ఆంపులు తాగుతోంది. 8 గంటలకి 32 ఆంప్-అవర్లు. సీఆర్‌వీ బ్యాటరీయేమో 51ఆర్ సైజు, చిన్నది. నలభై, నలభై అయిదు ఆంప్-అవర్లు ఉంటుందేమో. సాయంత్రానికి ఏం మిగులుతుందో మీరే లెక్క వేసుకోండి.

"బ్యాటరీ దిగితే జంప్ స్టార్ట్ చేసుకుంటాం, అందులో ఏముంది" అంటారు చాలామంది. నేనూ మొదట్లో అదే అనుకున్నాను.

రెండేళ్ల క్రితం న్యూ మెక్సికోలో టుకుమ్‌కారీ దగ్గర పెట్రోల్ కోసం ఐ-40 హైవే దిగాం. పంపు దాటాక బయటికి దారి లేదు, ముందు గోడ. కారు కట్టి ఉండగా బస్సుని రివర్స్ చేయకూడదు, కారు ముందు చక్రాలు వాటికి తోచినట్టు మెలితిరిగిపోయి టో బార్ వంగిపోతుంది. కాబట్టి అక్కడే విప్పాలి. బస్సు మలుపులో ఆగడంతో టో బార్ పిన్నులు బిగుసుకుపోయాయి. అలాంటప్పుడు కారుని ఓ అంగుళం ముందుకి జరిపితే పిన్ను వేళ్లతోనే ఊడి వస్తుంది. జరపాలంటే కారు స్టార్ట్ అవ్వాలి కదా! తాళం తిప్పితే టిక్, టిక్, అంతే. జూన్ ఎండ. బస్సులో అత్తయ్య గారు, ఇద్దరు పిల్లలు. వెనక నాలుగు కార్లు హారన్లు.

మన ఊళ్లో అయితే నలుగురు దిగి మారుతి 800ని తోస్తే, సెకండ్‌లో వేసి క్లచ్ వదిలితే స్టార్ట్ అయ్యేది. మా నాన్న తెనాలిలో అలా ఎన్నిసార్లు చేశారో. ఆటోమేటిక్‌కి ఆ దారి లేదు. చివరికి ఒక ట్రక్కు డ్రైవర్ కేబుల్స్ తెచ్చి ఆదుకున్నాడు.

ఆ రోజు కారు స్టార్ట్ కాలేదన్నది నాకు చిన్న విషయం. బ్రేక్ పెట్టె స్క్రీన్ చూస్తే అది కూడా ఆరిపోయి ఉంది! ఎప్పుడు ఆరిపోయిందో తెలీదు. అంటే సుమారు 3,400 పౌండ్ల కారుని కొన్ని మైళ్లపాటు బ్రేకు లేకుండా లాక్కొచ్చాం. టో బార్ ఊడిపోతే కారుని ఆపే బ్రేక్‌అవే స్విచ్ కూడా మాకు ఆ బ్యాటరీ మీదే నడుస్తుంది. పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని అలా వచ్చామన్న ఆలోచనతో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే చెప్తున్నాను, లాగే కారుకి బ్యాటరీ అంటే బ్రేకు.

ఆ తర్వాత నేను చేయని ప్రయత్నం లేదు. డాష్‌బోర్డు మీద 10 వాట్ల సోలార్ ప్యానెల్ పెట్టాను. మంచి ఎండలో అర ఆంపు, మబ్బు పడితే అదీ లేదు. తర్వాత డయోడ్, అంటే కరెంటుని ఒకవైపే పోనిచ్చేది, వేసి బస్సు నుంచి మామూలు చార్జ్ లైన్ లాగాను. డయోడ్ దగ్గరే 0.7 వోల్టు పోతుంది, తీగలో ఇంకొంత పోతుంది, బ్యాటరీ దగ్గరికి 12.7, 12.8 వస్తే గొప్ప. బ్యాటరీ నిండాలంటే 14 దగ్గర ఉండాలి కదా. చచ్చిపోకుండా ఆపింది కానీ నింపలేదు.

ఈ డబ్బా నాకు నచ్చింది ఇందుకే. తనకి 13 వచ్చినా సరే, దాన్ని పెంచి కారు బ్యాటరీకి 14 పైన ఇస్తుంది. బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉన్నా 6 ఆంపులకి మించి లాగనివ్వదు, దాంతో బస్సు ఫ్యూజ్ ఎగిరిపోదు.

ఇక నాకు కోపం తెప్పించిన సంగతి. బిగించాను, ఫ్రిస్కోలో బయల్దేరాం, యూఎస్-287 మీద విచిటా ఫాల్స్ దాటాక టీకి ఆగి బానెట్ ఎత్తి చూస్తే, దీని ఆకుపచ్చ లైటు వెలుగుతోంది, ఆరుతోంది, వెలుగుతోంది, ఆరుతోంది. చార్జింగ్ అవ్వట్లేదు! మా వారు "కొత్తది కదా, అలాగే ఉంటుందేమో" అన్నారు. నాకు మనసొప్పలేదు. మీటర్ తీసుకుని అక్కడే కూర్చున్నాను. లైటు ఆరినప్పుడు ఇన్‌పుట్ దగ్గర 13.8. వెలిగిన క్షణం 12.6కి పడిపోతోంది. ఇన్‌పుట్ 12.7 కంటే తగ్గితే ఈ డబ్బా ఆగిపోతుంది, బస్సు స్టార్టింగ్ బ్యాటరీని పీల్చేయకుండా పెట్టిన రక్షణ అది. ఆగగానే వోల్టేజ్ లేస్తుంది, మళ్లీ మొదలెడుతుంది, మళ్లీ పడుతుంది. పొద్దున్నించీ అదే వరస.

తప్పు తీగది. బస్సు ముందునుంచి కారు ముందు దాకా సుమారు 50 అడుగులు. నేను డయోడ్ రోజుల్లో వేసినది 14 గేజ్, గేజ్ నంబరు తగ్గేకొద్దీ తీగ లావు. అడుగుకి రెండున్నర మిల్లీ ఓమ్‌లు. 50 అడుగులకి 0.125 ఓమ్. వోల్టేజ్ పెంచి 6 ఆంపులు ఇవ్వడానికి ఈ డబ్బా బస్సు నుంచి 7 ఆంపులు లాగితే పోయేటప్పుడే 0.9 వోల్టు పోతుంది. తిరిగి రావాల్సిన దారి టో బార్, అది తగిలించే హిచ్, వాటి తుప్పు. అక్కడ ఇంకొంచెం.

అమరిల్లోలో ఒక రోజు ఆగి, 10 గేజ్ తీగ రెండు వరసలు, ప్లస్‌కి ఒకటి, మైనస్‌కి ఒకటి, బస్సు కింద పడుకుని లాగాను. రెండు చివర్లా ఫ్యూజ్ వేశాను. బస్సు నుంచి వచ్చే వైరు గుచ్చే, కారు వైపు ఆరు పిన్నుల సాకెట్‌లో మధ్య పిన్ను చార్జింగ్‌ది, దాన్ని గీకి శుభ్రం చేశాను. మళ్లీ కొలిస్తే లోడ్ మీద, అంటే చార్జర్ కరెంటు లాగుతుండగా, 13.2! లైటు వెలిగింది వెలిగినట్టే ఉంది. లేచి గంతేశాను.

కంపెనీ వాళ్లకి నా ప్రశ్న ఒకటే. మీ కాగితంలో తీగ ఎంత లావు ఉండాలో ఒక్క వాక్యం ఎందుకు లేదు? మీటర్ లేని మనిషి దీన్ని పాడైందనుకుని తిరిగి పంపేస్తాడు. లేదా పని చేస్తోందనుకుని నిశ్చింతగా పోతాడు, అది ఇంకా ప్రమాదం. వాళ్లకి మెయిల్ రాశాను, జవాబు వస్తే చెప్తాను. డబ్బాతో ఇచ్చిన రింగుల రంధ్రం కూడా బ్యాటరీ బోల్టుకి పట్టలేదు, నావి నేను వేసుకున్నాను.

రెండో ఫిర్యాదు, ఈ లైటు బానెట్ కింద ఉంది. డ్రైవర్‌కి ఎలా తెలుస్తుంది? దానికి నేనే ఒక దారి చూసుకున్నాను, ఇదిగో చూడండి. పెద్ద ఎర్ర అంకెల వోల్ట్ మీటర్ ఒకటి కారు గ్రిల్ లోపల, నీడ పడేచోట బిగించాను. బస్సు వెనక కెమెరా సరిగ్గా అక్కడికే చూస్తుంది. ఇప్పుడు ముందు కూర్చుని స్క్రీన్‌లో కప్ప వోల్టేజ్ చదువుకోవచ్చు. మా చిన్నాడు గంటకోసారి అరుస్తాడు, "అమ్మా, కప్ప 14.1!" అని.

అమరిల్లో నుంచి ఆల్బకర్కీ, అక్కడ్నుంచి ఫ్లాగ్‌స్టాఫ్. ఎత్తు సుమారు 7,000 అడుగులు, ఎక్కడాలు, దిగడాలు, బ్రేక్ పెట్టె బాగా కష్టపడే దారి. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లో ట్రైలర్ విలేజ్ అనే ఆర్‌వీ పార్కు చేరాక కారు విప్పి, గంట ఆగి కొలిస్తే 12.7. పాత రోజుల్లో ఇలాంటి దారి తర్వాత 12.1 చూసేదాన్ని, అంటే ఇంచుమించు సగమే మిగిలినట్టు. మర్నాడు తెల్లవారుజామున 4 గంటలకి, చలిలో, అత్తయ్య గారిని సూర్యోదయం చూపించడానికి డెజర్ట్ వ్యూ అనే చోటికి తీసుకెళ్లాలి. తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే అందుకుంది. అత్తయ్య గారు "ఈసారి ఎవరినీ పిలవక్కర్లేదా అమ్మా" అన్నారు.

కొనొచ్చా అంటే, తాళం ఏసీసీలో ఉంచి లాగాల్సిన కారు, అందులో బ్రేక్ పెట్టె ఉన్నవాళ్లు కొనండి, నేను డబ్బులు పెట్టి రెండోది కూడా కొంటాను. 10 గేజ్ తీగ ఖర్చు కూడా కలుపుకునే లెక్క వేసుకోండి, తీగ మార్చడం కుదరదనుకుంటే అసలు కొనొద్దు. జీప్ రాంగ్లర్ లాంటిది ఉండి, ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ శక్తిని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె) న్యూట్రల్‌లో పెట్టి లాగుతూ, బ్రేక్‌కి కరెంటు కారు నుంచి తీసుకోనివాళ్లకి దీని అవసరం పెద్దగా ఉండదు.

ఈ వారాంతం బండి కట్టుకుని బయల్దేరుతున్నవాళ్లు ఒక్క పని చేయండి. బస్సు ఇంజన్ నడుస్తుండగా, లోడ్ మీద, ఆ మధ్య పిన్ను దగ్గర వోల్టేజ్ కొలవండి. ఎంత వచ్చిందో, మీ తీగ ఏ గేజో కింద రాయండి, ఒక్కొక్కరికీ నేనే జవాబిస్తాను.