మీకు దొరికింది ముందు చెప్పండి
(పరిశోధక విద్యార్థుల సదస్సులో ప్రారంభోపన్యాసం)

వేదిక మీది పెద్దలకు, తోటి అధ్యాపకులకు, ఈ రోజు పత్రాలు సమర్పించబోతున్న పరిశోధక విద్యార్థులకు నమస్కారం.

సన్మానాలు, శాలువాలు సాయంత్రానికి మార్చమని నిర్వాహకులను నేనే అడిగాను. వాళ్లు ఒప్పుకున్నారు, సంతోషం. ఉదయమంతా సన్మానాలకే పోయి, భోజనాలయ్యాక సగం ఖాళీ అయిన హాల్లో విద్యార్థికి ఐదు నిమిషాలు మిగిలిన సదస్సులు చాలా చూశాను. మూడేళ్లు ఊళ్లు తిరిగి పని చేసిన మనిషికి అది అన్యాయం.

నా మొదటి పత్రం అలాంటి మధ్యాహ్నమే చదివాను. 22 పేజీలు రాసుకుని వెళ్లాను. తొమ్మిదో పేజీలో ఉండగా ‘ఇక ముగించండి’ అని అధ్యక్షుల నుంచి చీటీ వచ్చింది. నేను కొత్తగా కనుక్కున్నది పంతొమ్మిదో పేజీలో ఉంది. సమయం ఇవ్వలేదని చాలాకాలం బాధపడ్డాను. ఆ విషయాన్ని అంత వెనక పెట్టుకున్నది నేనేనని తర్వాతెప్పటికో అర్థమైంది.

పోయిన నెల మా విభాగంలో రిహార్సల్ పెట్టుకున్నాం. చేనేత పదాల మీద పని చేస్తున్న అమ్మాయి పన్నెండు స్లైడ్లతో వచ్చింది. మొదటి ఎనిమిదీ భాష అంటే ఏమిటి, మాండలికం అంటే ఏమిటి, ఇంతకుముందు ఎవరేం చేశారు అన్నవే. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశానికే ఒక స్లైడు. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వచ్చాయి. ఆ పనికి మనం ఎంతో రుణపడి ఉన్నాం. కానీ ఆ సంగతి వినేవాళ్లకు తెలుసు. ‘నీకు ఊళ్లో ఏం దొరికిందమ్మా?’ అని అడిగాను. ఫోన్ తీసి ఒక రికార్డింగ్ వినిపించింది.

పోచంపల్లి వైపు ఓ పెద్దావిడ ఆసు పోయడం గురించి చెబుతోంది. చిటికి కట్టే ముందు, అంటే రంగు అంటకుండా నూలుకు అక్కడక్కడా కట్లు వేసే ముందు, పేక (అడ్డం) నూలును కొయ్య మేకుల చుట్టూ చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పోయాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు తిరుగుతుంది. తల్లి పడే ఆ భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేసి, దానికి అమ్మ లక్ష్మి పేరు పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పెద్దావిడ ఇంట్లో కూడా ఇప్పుడు మిషనే ఉందట. చేత్తో ఎలా పోసేవారని అడిగితే ‘ఇట్ల... మళ్ల ఇట్ల...’ అని ఆగిపోయింది. ఆ తర్వాత కాసేపు మాట లేదు, గాజుల చప్పుడే. చెయ్యి తిప్పి చూపిస్తోందన్నమాట.

గదిలో ఎవరూ కదల్లేదు. మిషన్ వచ్చి ఆ నొప్పి పోయినందుకు సంతోషించాలి. మరి చెయ్యికి మాత్రమే తెలిసిన పనికి పదకోశంలో అర్థం ఎలా రాస్తాం? ఆ అమ్మాయి పరిశోధన మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే ఉంది. రికార్డింగ్ మాత్రం పదకొండో స్లైడులో ఉంది!

గణితం చెప్పే మిత్రుడొకరు అప్పుడు అడిగారు: ‘ఇట్ల అన్నప్పుడు చెయ్యి ముందు ఎటు వెళ్లింది?’ ఆమె దగ్గర జవాబు లేదు, వీడియో తీయలేదు. ‘తెలియదు సార్, వెళ్లి చూస్తాను’ అంది. ఆ ఆదివారమే వీడియో తీసుకొచ్చింది. దాంతోపాటు, అంతకుముందు ఎవరూ చెప్పని రెండు మాటలు కూడా.

అందుకే పెద్దలకు నా విన్నపం. ప్రశ్నల సమయంలో మనం ఇంకో ఉపన్యాసం ఇవ్వొద్దు, ప్రశ్నే అడుగుదాం. విద్యార్థులారా, తెలియని చోట తెలియదనండి, టెన్షన్ పడకండి. పీహెచ్‌డీకి సదస్సుల్లో రెండు పత్రాలు తప్పనిసరి అని యూజీసీ 2016లో పెట్టిన నియమం 2022లో పోయింది. సర్టిఫికెట్ కోసమే వచ్చే అవసరం ఇప్పుడు లేదు. మీకు తెగని ముడి ఏదైనా ఉంటే ఇక్కడికి తీసుకురండి, పదిమందీ చూస్తారు.

ఆ అమ్మాయి వంతు ఈ ఉదయం మూడోది. రికార్డింగ్‌ను మొదటికి తెచ్చుకుంది. పొద్దున ఎనిమిదింటికే వచ్చి స్పీకర్లు సరిచూసుకుంది. గాజుల చప్పుడు చాలా సన్నగా ఉంటుంది, వెనక వరసలకు వినపడదు. ఖాళీగా ఉన్న ఈ ముందు కుర్చీల్లోకి వచ్చి కూర్చోండి.