రిచీ స్ట్రీట్‌కి వెళ్లేముందు టేపు తీసి కొలవండి

నమస్తే అండి. పోయిన శనివారం మా తమ్ముడు కంప్యూటర్‌కి గ్రాఫిక్స్ కార్డు (గేముల బొమ్మల్ని తెర మీద గీసే భాగం) కొనాలని నెల్లూరు నుంచి పినాకినిలో చెన్నై వచ్చాడు. సెంట్రల్ నుంచి తిన్నగా ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కే వెళ్లాం. వాడి మనసంతా ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 5070 కార్డు మీదే. నేను వద్దన్నాను.

వాడి మానిటర్ 1440పీ, అంటే ఫుల్ హెచ్‌డీ కంటే ఎక్కువ చుక్కలున్నది. 5070లో ఉన్నది 12 జీబీ మెమరీ. ఈ రోజుకి చాలా గేములకి సరిపోతుంది, కాదనను. కానీ టెక్స్చర్లు (వస్తువుల పైపూత బొమ్మలు) అల్ట్రాలో పెట్టి, రే ట్రేసింగ్ (వెలుగునీడలు లెక్కగట్టి చూపేది), ఫ్రేమ్ జనరేషన్ (మధ్యమధ్య అదనపు ఫ్రేములు కల్పించేది) రెండూ ఆన్ చేస్తే ఆ 12 నిండిపోయే గేములు ఇప్పటికే ఉన్నాయి. నిండాక కార్డుకి కావాల్సినవి కంప్యూటర్ మామూలు ర్యామ్ నుంచి, కార్డు గుచ్చిన స్లాట్ గుండా రావాలి. ఆ దారి నెమ్మది. మలుపు తిరగ్గానే ఆట ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. యావరేజ్ ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు) చూస్తే ఈ బాధ తెలియదు. పైగా కార్డు మెమరీ తర్వాత పెంచుకోలేం.

అందుకే 16 జీబీ. 5070 టీఐ, లేదా ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ. 2025లో విడుదలైనప్పుడు మొదటిది 749 డాలర్లు, రెండోది 599. బ్లెండర్ (3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్) పనులు, పాత్ ట్రేసింగ్ (రే ట్రేసింగ్‌లోనే ఇంకా బరువైనది) ఉంటే టీఐ తీసుకోండి. గేములే అయితే నా ఓటు ఎక్స్‌టీకి. 5090 సంగతి అడక్కండి, 575 వాట్ల కార్డు అది. చెన్నై మే నెలలో ఏసీ లేని గదిలో పెట్టుకునేది కాదు.

ఇప్పుడు అసలు విషయం. రెండేళ్ల కిందట నేను 330 మిల్లీమీటర్ల పొడవు కార్డు కొన్నాను. కేబినెట్ పెట్టె మీద 340 దాకా పడుతుందని రాసి ఉంది. ఇంటికొచ్చి చూస్తే ముందు ఫ్యాన్ల మందం 25. మిగిలింది 315. సీలు తీశారు కాబట్టి వెనక్కి తీసుకోం అన్నాడు షాపతను. ముందు ఫ్యాన్లు పీకేసి కార్డు బిగించాను. గాలి ఆడక ఆ వేసవంతా కార్డు ఫ్యాన్ల హోరుతోనే ఆడాను. చాలా బాధపడ్డాను. కాబట్టి కేబినెట్‌లో కార్డు బిగించే వెనక పట్టీ నుంచి ముందు ఫ్యాన్ లోపలి అంచు దాకా కొలవండి, పెట్టె మీది అంకె నమ్మకండి.

పవర్ సప్లై కూడా చూడాలి. ఎక్స్‌టీ 304 వాట్లు లాగుతుంది, 750 వాట్ల సప్లై ఉంటే నిశ్చింత. తమ్ముడిది 550. అదీ మార్చాం. టీఐ కొనేవాళ్లకి ఇంకో మాట: దాని 16 పిన్నుల ప్లగ్గు పూర్తిగా దిగాలి. ఎన్‌విడియా 4090 కార్డు వచ్చిన 2022 నుంచీ సరిగ్గా దిగని ప్లగ్గులు కరిగిన సంఘటనలున్నాయి. బిగించాక సెల్‌ఫోన్ టార్చి వేసి చూడండి, సందు కనపడకూడదు.

షాపులోంచే తమ్ముడు ఇంటికి ఫోన్ చేశాడు. నాన్న కేబినెట్ మూత తీశాడు, అమ్మ జాకెట్ల కొలతల టేపుతో కొలిచి 305 అని చెప్పింది. మేం 290 మిల్లీమీటర్ల కార్డు తీసుకున్నాం.