డ్రమ్ము, గడియారం, మన బోరు

శ్రోతలకు నమస్కారం.

బోరు వేసే ముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేలో తిరిగేవారిని మీరు చూసే ఉంటారు. ఆ చేనికి కాస్త దూరంలోనే భూగర్భ జల శాఖ కొలిచే బావి ఉండొచ్చు. అందులో నీటిమట్టం ఎంతో ఆఫీసు కాగితాల్లో రాసి ఉంటుంది. రైతుకు మాత్రం ఆ అంకె తెలియదు. లెక్క శాస్త్రవేత్త దగ్గర ఉంది, మోటారు స్విచ్ రైతు చేతిలో ఉంది. మరి ఇద్దరూ కలిసేదెక్కడ?

మన దగ్గరే ఒకసారి కలిశారు. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో రైతులే నడిపే భూగర్భ జలాల పథకం ఒకటి మొదలైంది. అనంతపురం, కర్నూలు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ లాంటి ఏడు కరువు జిల్లాల్లో, ఆరువందలకు పైగా పల్లెల్లో నడిచింది. శాస్త్రవేత్తలు తాము కొలిచి చెప్పడం మానేసి, కొలవడం నేర్పారు. ఆడవాళ్లు, మగవాళ్లు రోజూ వాన కొలిచారు. పదిహేను రోజులకోసారి బావిలోకి టేపు దించి నీటిమట్టం చూశారు. చూసింది ఊళ్లో అందరికీ కనిపించేలా గోడ మీది బోర్డుకు ఎక్కించారు.

రబీకి ముందు ఊరంతా కూర్చునేవారు. భూమిలో నీళ్లెన్ని? ఎవరెవరు ఏ పంట వేద్దామనుకుంటున్నారు? దానికి నీళ్లెన్ని కావాలి? లెక్క తేలేది. చాలాచోట్ల లోటే తేలేది. అయినా వరి వేయొద్దని ఎవరూ శాసించలేదు, మానితే డబ్బిస్తామనీ అనలేదు. అంకె చూసి ఎవరికి వారే నిర్ణయించుకున్నారు. వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లినవారు చాలామంది. నాకు ఇందులో బాగా నచ్చింది ఇదే. తన చేత్తో కొలిచిన అంకెను రైతు నమ్ముతాడు. ఎవరో చెప్పిన అంకెను వింటాడు, అంతే.

ఇప్పుడు మీరు చేయగలిగిన పని ఒకటి చెబుతాను. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి బోరు గొట్టం కింద పెట్టండి. నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోనులో చూడండి. 100 సెకన్లు పట్టిందనుకుందాం. అంటే సెకనుకు రెండు లీటర్లు. ఏడు గంటలు మోటారు ఆడితే సుమారు 50 వేల లీటర్లు. వినడానికి చాలా పెద్ద అంకె. కానీ ఒక ఎకరంలో ఒక్క మిల్లీమీటరు నీళ్లు నిలబడాలంటేనే సుమారు నాలుగు వేల లీటర్లు కావాలి. అంటే ఆ ఏడు గంటలూ తోడినా ఎకరంలో నిలిచేది పన్నెండు మిల్లీమీటర్లే. చిటికెన వేలి గోరంత ఎత్తు.

వానలు వెనకపట్టాక, రబీ విత్తనం కొనకముందే ఒకసారి కొలవండి. తేదీ వేసి మోటారు గది గోడ మీద రాయండి. సంక్రాంతికి మళ్లీ డ్రమ్ము పెట్టి కొలిచి, పక్కనే రాయండి. పక్క చేను రైతునూ పిలిచి చూపించండి. మీ ఇద్దరి బోర్లలోకీ వచ్చేది ఒకే నేలలోని నీళ్లు కదా.

నమస్కారం.